రీసెర్చ్ వైపు చూస్తున్న పిల్లలకు

హనుమకొండ

పిల్లలూ,

ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మీలో ఒకమ్మాయి ఒకటే అడుగుతోంది: “పెదనాయినా, కెమికల్ ఇంజనీరింగ్‌లో పరిశోధన చేయాలంటే ఎంటెక్ చాలా? ఎమ్మెస్సా? నేరుగా పీహెచ్‌డీకి పోవచ్చా?”

కొత్తవాడలో జంపఖానా నేయడం చూసే ఉంటారు. ముందు పడుగు బిగిస్తారు, తరవాతే పేక. థర్మోడైనమిక్స్, ట్రాన్స్‌పోర్ట్ (ద్రవాలు, వేడి, పదార్థం కదిలే తీరు), రియాక్షన్ ఇంజనీరింగ్ కోర్సులు మీ పడుగు, ప్రయోగాలు పేక. రెండేళ్ల ఎంటెక్‌లో మొదటి ఏడాదంతా దాదాపు పడుగే, రెండో ఏడాది చిన్న ముక్క నేస్తారు. మద్రాస్ ఐఐటీలోని ఎమ్మెస్, బెంగళూరు ఐఐఎస్‌సీలోని ఎంటెక్ రీసెర్చ్‌లలో పడుగు తక్కువ, నేత ఎక్కువ. పీహెచ్‌డీకి వచ్చేసరికి నమూనా కూడా మీరే గీయాలి, అదీ ఇంతకుముందు ఎవరూ నేయనిది. పడుగు వదులుగా ఉంటే మూడో ఏట దారాలు తెగుతాయి. అందుకే కోర్సులను మార్కుల కోసమే చదవొద్దంటాను.

మంచి గ్రేడ్లుంటే బీటెక్ మీదనే పీహెచ్‌డీలోకి తీసుకునే ఐఐటీలున్నాయి. నిబంధనలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటనే చదవండి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, తొందరపడి దొరికిన సీటులో చేరకండి. గేట్‌తో ఎంటెక్ చేసేవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. పీహెచ్‌డీ ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు 37,000, పని సమీక్షించాక 42,000. ఇంటద్దె భత్యం వేరు.

సంస్థ పేరు కంటే గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర ఎందరు పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ప్రాజెక్టు డబ్బు ఇంకెన్నాళ్లుంటుంది అన్నది అక్కడి సీనియర్లను అడగండి.

ఇక అసలు పని. ఉత్ప్రేరకం మీదుగా గ్యాస్ పంపారనుకోండి. లోపలికి 100 పాళ్ల కార్బన్ పోతే బయట 85 తేలింది. మిగతా 15 ఎటు పోయింది? జాయింటు కారుతుండొచ్చు, సబ్బునీళ్లు పూసి బుడగ వస్తుందేమో చూడాలి. రియాక్టర్‌కూ, గ్యాసులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌కూ మధ్య గొట్టం చల్లగా ఉంటే బరువైన పదార్థాలు అక్కడే ద్రవమై ఆగిపోతాయి, హీటింగ్ టేపు చుట్టాలి. ఉత్ప్రేరకం మీద బొగ్గు పేరుకుని ఉండొచ్చు. ఆ యంత్రం కొలతను సరిచూసే కాలిబ్రేషన్ పాతదైనా లెక్క తప్పుతుంది, తెలిసిన మిశ్రమంతో మళ్లీ చేయాలి. ఈ లెక్క కుదరకుండా గ్రాఫు గీసేవాళ్ల థీసిస్ పరీక్షకుడి మొదటి ప్రశ్నకే కూలుతుంది. పోయిన ఆ 15 పాళ్లను వెతకడం మీకు విసుగనిపిస్తే ఎంటెక్ చేసి ప్లాంటులో చేరండి, అదీ గౌరవమైన దారే. నిద్ర పట్టనివ్వకపోతే పీహెచ్‌డీ మీదే.

1959లో మొదలైన మన కాజీపేట ఎన్‌ఐటీ పక్కనే ఉంది. అనుమతి అడిగి కెమికల్ ల్యాబ్‌కు వెళ్లండి. గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ పక్కన లాగ్‌బుక్ ఉంటుంది. చివరి ఎంట్రీ తేదీ చూడండి, ఆ యంత్రం నడుస్తోందో లేదో తెలుస్తుంది. తరవాత అక్కడున్న స్కాలర్‌ను ఈ వారం ఏది పాడైందో, ఎలా బాగుచేశారో అడగండి.

మీ పెదనాయిన