బీచ్ పక్కన విదేశీ కాపురం: అపోహలు - వాస్తవాలు

వేరే దేశం నుంచి ఉష్ణమండల తీర నగరాలకు వచ్చే కుటుంబాలకు ఇల్లు వెతికిపెట్టడం, వీసా కాగితాలు, పిల్లల స్కూలు సీట్లు చూడటం నా పని. రాకముందు వాళ్లు అడిగేదంతా బీచ్ గురించే. ఆరు నెలల తర్వాత చేసే ఫోన్లలో మాత్రం ఆ మాటే రాదు. బీరువాలో బూజు, వీసా గడువు, పక్కింటివాళ్లు వెళ్లిపోతున్నారన్న దిగులు, ఇవే ఉంటాయి.

అపోహ: సముద్రానికి ఎంత దగ్గరుంటే అంత సుఖం.

వాస్తవం: మొదటి వరుస ఇల్లు చూడటానికే బాగుంటుంది. అలలు విరిగే చోట లేచే ఉప్పు తుంపర గాలితో వచ్చి ఇనుము మీద కూర్చుంటుంది. కిటికీ బందులు బిగుసుకుపోతాయి, గేటు తాళం తిరగదు, ఏసీ బయటి యూనిట్‌లోని అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. తీరం నుంచి దూరం జరిగేకొద్దీ ఈ ఉప్పు బాగా తగ్గుతుంది. అందుకే నాలుగైదు వీధులు వెనక్కి రమ్మంటాను. నడిచి వెళ్తే బీచ్ ఎలాగూ అందుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు, బాల్కనీ తర్వాత చూడొచ్చు. ముందు ఏసీ బయటి యూనిట్, కిటికీ గ్రిల్స్ చూడండి, ఆ భవనం సంగతి అవే చెప్తాయి. ఏసీ రిపేరు ఖర్చు ఎవరిదో అద్దె ఒప్పందంలో రాయించుకోండి.

ఉప్పు కంటే మొండిది తేమ. ఇంట్లో తేమ 70 శాతం దాటి అలాగే ఉంటే బూజు పట్టడం ఖాయం. కొత్తలో నేనూ ఇల్లంతా మూసేసి, మెయిన్ ఆఫ్ చేసి మూడు వారాలు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి తోలు చెప్పులు, బెల్టు, బ్యాగు అన్నీ పచ్చగా మారాయి. సర్టిఫికెట్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి. కెమెరా ఉంటే దాన్నీ అలాగే పెట్టాలి, లెన్స్ లోపల ఫంగస్ పడితే వదిలించడం కష్టం.

అపోహ: 32 డిగ్రీలేగా, 42 చూసినవాళ్లం.

వాస్తవం: ఆ 42 పొడి వేడి అయితే చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ చెమట ఆరదు. 32 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం ఉంటే నీడలో ఉన్నా ఒంటికి దాదాపు 41 డిగ్రీలున్నట్టు అనిపిస్తుంది. ఒకటి రెండు వారాల్లో శరీరం కొంత అలవాటుపడుతుంది, అయితే రోజంతా ఏసీలోనే కూర్చునేవాళ్లకు ఆ అలవాటు రాదు. మంచి వైపు కూడా చెప్పాలి. స్వెటర్లు, చలికాలపు జలుబులు ఉండవు, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, పిల్లలు ఏడాదంతా బయట ఆడతారు.

అపోహ: తీర నగరమంటే తుపాన్లే.

వాస్తవం: ఎక్కడన్నదాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపల తుపాన్లు పుట్టడం చాలా అరుదు. 2001లో సింగపూర్ దగ్గర పుట్టిన వామెయ్‌ని ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు. అదే మెక్సికోలోని కాంకూన్‌ను 2005లో విల్మా హరికేన్ అతలాకుతలం చేసింది.

అపోహ: టూరిస్టు వీసా మీద వెళ్లి లాప్‌టాప్‌తో పని చేసుకోవచ్చు. గడువు అయిపోతే సరిహద్దు దాటి వచ్చేస్తే సరి.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద పని చేయడం నిషేధం. జీతం ఇచ్చే కంపెనీ ఎక్కడుందన్నది వేరే సంగతి. సరిహద్దు దాటి తిరిగి రావడం నాలుగు సార్లు సాగొచ్చు, అయిదోసారి అధికారి వెనక్కి పంపేయొచ్చు. అద్దె, స్కూలు ఫీజు కట్టేశాక అలా జరిగితే ఏం చేస్తారు? దూరంగా ఉండి పని చేసేవాళ్ల కోసమే వీసాలున్నాయి. బార్బడోస్ 2020లో తెచ్చిన 12 నెలల వెల్‌కమ్ స్టాంప్ అలాంటిదే.

వీసా చేతికొస్తే పన్ను సంగతి తేలిపోయినట్టు కాదు. చాలా దేశాలు 183 రోజులు దాటి ఉన్నవాళ్లను పన్ను విషయంలో తమ నివాసులుగా లెక్కేస్తాయి. పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టుకోండి, తర్వాత గుర్తుండవు.

అపోహ: దోమతెర ఉందిగా, డెంగీ రాదు.

వాస్తవం: డెంగీ దోమ పగలు కుడుతుంది. కుండీ కింద పళ్లెంలోని నీళ్లు చాలు దానికి. డెంగీ వైరస్‌లో 4 రకాలున్నాయి, ఒకసారి వచ్చాక వేరే రకం సోకితే ప్రమాదం పెరుగుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు కొందరు. అది ప్రయాణానికి, ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు ఆరోగ్య బీమా వేరే కావాలి.

అపోహ: అందరూ కొత్తవాళ్లే కాబట్టి ఒంటరితనం ఉండదు.

వాస్తవం: మొదటి వారంలోనే పదిమంది స్నేహితులవుతారు, ఆ మాట నిజం. రెండేళ్లకు కాంట్రాక్టులు ముగిసి అందులో ఏడుగురు వెళ్లిపోతారు. పెద్దవాళ్లు సర్దుకుంటారు కానీ, క్లాసులో ప్రాణస్నేహితురాలు రెండోసారి వెళ్లిపోయాక కొత్తవాళ్లతో మాట్లాడటం మానేసిన పిల్లను నేను చూశాను. వచ్చిన నెలలోనే అక్కడి భాష నేర్చుకోవడం మొదలుపెట్టండి. ఎప్పటికీ ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు అప్పుడే దగ్గరవుతారు.

ఇల్లు ఖాయం చేసే ముందు ఒక నెల అద్దెకుండి చూస్తామని ఎవరైనా అంటే సంతోషం. ఆ నెల మాత్రం వానాకాలంలోది పెట్టుకోమంటాను.