స్లో కుక్కర్ కాబ్లర్: మీరు పచ్చి అనుకుంటున్నది మూత నీళ్లు

శనివారం సాయంత్రం అయిదింటికి ఫోన్ మోగిందంటే ఎవరి కాబ్లరో తడిసిందని నాకు ముందే తెలిసిపోతుంది. కాబ్లర్ అంటే కింద పండ్లు, పైన కేకు పిండి వేసి చేసే తీపి వంటకం. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లోనే బేకింగ్ నేర్పుతూ తొమ్మిదేళ్లయింది. ఓవెన్ లేనివాళ్ల కోసం స్లో కుక్కర్ (కరెంటుతో మెల్లగా ఉడికించే కుండ) బ్యాచ్ పెట్టినప్పటి నుంచి వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకటే మాట: "అక్కా, రెండున్నర గంటలయింది, పైన ఇంకా పచ్చిగానే ఉంది. ఇంకో గంట పెట్టనా?"

పెట్టొద్దు. ఈ పోస్టు రాస్తున్నదే ఆ మాట చెప్పడానికి.

మొన్న కె.ఆర్.పురం నుంచి ఒకమ్మాయి వీడియో కాల్ చేసింది. కూతురి పుట్టినరోజు, ఆరింటికల్లా పిల్లలు వచ్చేస్తారు. మామిడిపండ్లతో కాబ్లర్ పెట్టింది. "ఈసారి మైదా ఇంకో అరకప్పు కలిపాను, అయినా ఇంతే అక్కా" అంటుంటే గొంతు పూడుకుపోయింది. ఫోన్ కుక్కర్ మీదికి తిప్పి మూత తియ్యమన్నాను. గాజు మూత లోపలంతా కందిగింజలంత నీటి బొట్లు. తను మూత కాస్త వంచగానే అవన్నీ కలిసి ఒక ధారలా కేకు మీదికి కారాయి. కేకు నడిమధ్యలో అప్పటికే రూపాయి బిళ్లంత గుంట పడి ఉంది, అందులో నీళ్లు. మూత పిడి స్క్రూ సరిగ్గా దాని పైనే ఉంటుంది. బొట్లన్నీ అక్కడ చేరి, అక్కడి నుంచే రాలతాయి.

ఆ గుంటకు అంగుళం పక్కన టూత్‌పిక్ గుచ్చమన్నాను. శుభ్రంగా బయటికొచ్చింది. అంటే కేకు ఎప్పుడో ఉడికింది. తడి లోపలి నుంచి రాలేదు, పై నుంచి పడింది. కుక్కర్ ఆపేసి, టిష్యూతో పైన అద్ది, ఇరవై నిమిషాలు మూత లేకుండా వదిలేయమన్నాను. ఆరింటికి పిల్లలు తిన్నారు. మైదా ఎక్కువైంది కాబట్టి కాస్త గట్టిగా వచ్చిందట, అంతే.

అసలు స్లో కుక్కర్‌ని చేసిందే తడి బయటికి పోకుండా ఉండటానికి. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ 1940లో దానికి పేటెంట్ తీసుకున్నాడు, 1971లో అది క్రాక్‌పాట్ పేరుతో అమెరికా వంటిళ్లలోకి వెళ్లింది. చిక్కుళ్లు, మాంసం గంటల తరబడి తమ రసంలోనే మగ్గాలి, అదీ దాని పని. పండు ఉడుకుతుంటే ఆవిరి లేస్తుంది, మూతకు తగిలి నీరవుతుంది, తిరిగి కుండలోకే పడుతుంది. కూరకు ఇది వరం. పైన కేకు పిండి ఉన్న కాబ్లర్‌కు మాత్రం రెండు గంటల పాటు చినుకులు పడుతున్నట్టే.

ఇప్పుడు దీన్ని పచ్చిదనం అనుకుని జనం చేసే పనులు చూడండి. గంట పెంచుతారు: అంచులు మాడతాయి, పండు గుజ్జయిపోతుంది, కార్న్‌ఫ్లోర్ మరీ ఎక్కువసేపు ఉడికి పట్టు వదిలేసి రసం మళ్లీ పలచబడుతుంది. మైదా పెంచుతారు: కేకు రబ్బరు ముక్క అవుతుంది. అయిదు నిమిషాలకోసారి మూత తీసి చూస్తారు: ప్రతిసారీ వేడి పోతుంది, అది మళ్లీ చేరడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, మూత వంచినప్పుడల్లా ఇంకో ధార పడుతుంది. చివరికి అంతా పారబోసి "నాకు బేకింగ్ రాదు" అనుకుంటారు. కిలో పండ్లు, వంద గ్రాముల వెన్న పోతే పోయాయి, ఆ మాటే నాకు బాధగా ఉంటుంది. మీకు వచ్చు. మీ చేతిలో లోపం లేదు.

పరిష్కారం ఒక గుడ్డ. తెనాలిలో మా నాయనమ్మ ఆవిరి కుడుము వండేటప్పుడు గిన్నె మూతికి వాసెన ఎలా కట్టేదో గుర్తు తెచ్చుకుని చెబుతున్నాను: గుడ్డ బిగుతుగా ఉండాలి, మధ్యలో వేలాడకూడదు. పాత తెల్ల పంచె ముక్క అన్నిటికంటే మంచిది. కొత్త రంగు టవల్ వద్దు, రంగు దిగుతుంది. రెండు మడతలు వేసి కుండ మీద పరిచి, పైన మూత పెట్టి, నాలుగు కొసలూ పైకి తీసి పిడి దగ్గర ముడి వెయ్యండి. కొసలు వేడి బేస్ మీదికి జారకూడదు, ఇది మాత్రం మర్చిపోవద్దు. మొదటిసారి ఇలా చేశాక ఆ గుడ్డను గ్లాసులోకి పిండి చూశాను. గ్లాసు అడుగున వేలెడు మందాన నీళ్లు, మామిడి వాసనతో. అన్ని నీళ్లూ అంతకుముందు కేకు మీదే పడుతుండేవి.

మూత తీసేటప్పుడు గుడ్డతో సహా నిట్టనిలువుగా పైకెత్తి పక్కకు తీసుకెళ్లి అప్పుడు తిప్పండి. రెండు గంటలయ్యాకే మొదటిసారి తియ్యండి.

రెండో పెద్ద భ్రమ, "పైన ఎర్రగా రాలేదు కాబట్టి ఉడకలేదు" అనేది. కేకు ఎర్రబడాలంటే పైపొర పొడిబారి 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆవిరి నిండిన కుండలో పైపొర అంతకంటే వేడెక్కదు. రాత్రంతా పెట్టినా పైన తెల్లగానే ఉంటుంది. రంగు చూడకండి, టూత్‌పిక్ చూడండి. కరకరలాడాలంటే ఓట్స్, జీడిపప్పు పలుకులు నేతిలో ఎర్రగా వేయించి, వడ్డించే ముందు పైన చల్లండి. కేకు అడుగు భాగం, పండు రసం తగిలేచోట మెత్తగా బంకగా ఉంటుంది. అది కాబ్లర్ స్వభావం, ఓవెన్‌లో చేసినా అంతే.

"'లో' (తక్కువ వేడి) మీద పెడితే ఇంకా బాగా ఉడుకుతుంది" అంటారు. చాలా మోడళ్లలో లో, హై రెండూ చివరికి చేరే వేడి దాదాపు ఒక్కటే, చేరడానికి పట్టే సమయమే వేరు. 'లో' మీద పెడితే పిండి చాలాసేపు గోరువెచ్చగా నానుతుంది, అది గట్టిపడేలోపే బేకింగ్ పౌడర్ గాలంతా పోతుంది. కాబ్లర్‌కు హై మాత్రమే.

నా కొలతలు అడుగుతుంటారు కదా, మూడున్నర లీటర్ల కుక్కర్‌కి ఇవీ: పండు ముక్కలు 750 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్‌స్పూన్లు, ఒక చెంచా నిమ్మరసం, పండు తీపిని బట్టి చక్కెర. వీటిని స్టవ్ మీద పొంగు వచ్చేదాకా ఉడికించి, గోరువెచ్చని నీళ్లతో తొలిపి వెన్న రాసిన కుండలో పొయ్యండి. పండు వేడిగా ఉంటే పిండి అడుగు వెంటనే ఉడకడం మొదలవుతుంది. పైన పిండికి మైదా కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చక్కెర పావు కప్పు, చిటికెడు ఉప్పు, కరిగించిన వెన్న 50 గ్రాములు, పాలు అరకప్పు. ఎక్కువ కలపకుండా చెంచాలతో పైన వెయ్యండి. గుడ్డ, మూత, హైలో రెండు నుంచి రెండున్నర గంటలు. మామిడి అయితే బంగినపల్లి గానీ తోతాపురి గానీ కాస్త గట్టిగా ఉన్నప్పుడే పెద్ద ముక్కలు కొయ్యండి. రస్‌పురి ఇక్కడివాళ్లకు ప్రాణం, నాకూ ఇష్టమే, కానీ అది రసానికి. కాబ్లర్‌లో నీరైపోతుంది.

మిగతావి త్వరగా. "ఓవెన్ లేకపోతే అది కాబ్లరే కాదు": అమెరికాలో జనం నిప్పుల మీద ఇనుప కుండల్లో చేసుకున్న వంట అది. "పుల్లటి పండుతో పాలు విరిగిపోతాయి": పిండిలో కలిసిన పాలు కాస్త విరిగినా కేకుకు ఏమీ కాదు. "కరెంటు బిల్లు పేలిపోతుంది": నా కుక్కర్ అడుగున 200 వాట్లని ఉంది, రెండున్నర గంటలకు అర యూనిట్. "కుండ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టేయొచ్చు": పెట్టకండి, పింగాణీ పగులుతుంది.

ఒకదాని గురించి మాత్రం నిజంగానే భయపడండి. అమెరికా నుంచి అన్నయ్యో వదినో తెచ్చిన కుక్కర్‌కి "అడాప్టర్ పెడితే చాలు" అంటారు. చాలదు. అడాప్టర్ పిన్నులు మారుస్తుంది, వోల్టేజి మార్చదు. అక్కడి కుక్కర్ 120 వోల్టులది, మన ప్లగ్గులో 230 వస్తుంది. వోల్టేజి రెట్టింపయితే హీటర్ లాగే పవర్ దాదాపు నాలుగు రెట్లవుతుంది. మా క్లాసుకొచ్చే ఒకావిడ కుక్కర్ పది నిమిషాల్లో పొగలొచ్చి చచ్చిపోయింది. అడుగున రాసింది చదవండి. 120 అని ఉంటే సరిపడా వాట్ల, వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదంటే ఇక్కడే కొనుక్కోండి. అలాగే ఇదే కుక్కర్‌లో ఎర్ర రాజ్మా పచ్చివి నేరుగా వెయ్యకండి. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, స్టవ్ మీద పది నిమిషాలు తెర్లించాకే వెయ్యాలి. వాటిలో ఉండే విషపదార్థం స్లో కుక్కర్ మెల్లటి వేడికి పోదు, వాంతులవుతాయి.

మామిడి అయిపోవస్తోంది, ఇక్కడి పండ్ల దుకాణం హాప్‌కామ్స్‌లో ప్లమ్స్ వచ్చాయి. వచ్చే శనివారం వాటితోనే. తొక్క తియ్యక్కర్లేదు, పులుపంతా అందులోనే ఉంటుంది కాబట్టి చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వెయ్యండి. గుడ్డ మీ ఇంటి నుంచే తెచ్చుకోండి, తెల్లది.