వివాల్డి ‘శరదృతువు’: ఇది ఆకులు రాలే పాట కాదు

అనంతపురంలో వయొలిన్ నేర్పుతున్నాను. నా చదువు కర్ణాటక సంగీతం. పాశ్చాత్య పద్ధతి తర్వాత ఇష్టపడి నేర్చుకున్నాను. ఇటలీ స్వరకర్త వివాల్డి వయొలిన్ కోసం రాసిన ‘నాలుగు ఋతువులు’లోని శరదృతువు వాయించిన ప్రతిసారీ కొన్ని మాటలు వింటుంటాను.

అపోహ: శరత్తు అంటే ఆకులు రాలే కాలం, కాబట్టి ఇది విషాద సంగీతం.

వాస్తవం: 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినప్పుడు ఈ రచనతో పాటు ఒక సానెట్ (పద్నాలుగు పాదాల) పద్యం కూడా వచ్చింది. అందులో రాలే ఆకు ఒక్కటీ లేదు. పంట ఇంటికి చేరిన సంతోషంతో రైతులు ఆడిపాడతారు, ద్రాక్షసారా తాగి తూలతారు, అలిసి నిద్రపోతారు, తెల్లవారగానే వేటగాళ్లు బయలుదేరతారు. ఆ పద్యపాదాలను స్వరలిపిలోనే అక్కడక్కడా అచ్చు వేశారు. తాగినవాడి దగ్గరికి వచ్చేసరికి వయొలిన్ గబగబా జారుతుంది, ఆగుతుంది, మళ్లీ తూలుతుంది.

ఒక విద్యార్థి మొదటి వరుసను జోలపాటలా సాగదీసి వాయించేవాడు. ఎన్నిసార్లు దిద్దినా అంతే. వాళ్లది వేరుశనగ పండించే ఇల్లు. “వానలు సరిగా పడిన ఏడాది, కార్తీకంలో కాయలు కళ్ళానికి చేరిన రోజు మీ ఇంట్లో ఎలా ఉంటుంది?” అని అడిగాను. వాడు ఏమీ చెప్పలేదు, కమాను తీసుకున్నాడు. ఈసారి కమాను తీగ మీద గట్టిగా, పొట్టిగా పడింది. అదే సరైన నడక. నాకు కళ్లు చెమర్చాయి.

అపోహ: చివరి భాగంలో వేట బూరలు మోగుతాయి.

బూరలే లేవు. వయొలిన్లే రెండేసి తీగలు కలిపి ఆ ధ్వనిని పుట్టిస్తాయి.

అపోహ: ఇది శంకరాభరణం.

వాస్తవం: ఈ రచన నడిచే పాశ్చాత్య స్వరశ్రేణి ఎఫ్ మేజర్. దాని స్వరస్థానాలు శంకరాభరణం రాగానివే, నిజమే. కానీ గమకాలు (స్వరాన్ని ఊపే తీరు), సంచారాలు (రాగం నడిచే దారులు) లేకుండా స్వరస్థానాలు మాత్రమే రాగమవుతాయా? పైగా మన తంబూరా కచేరీ పొడుగునా ఒకే షడ్జాన్ని, అంటే ఆధార స్వరం ‘స’ను, పట్టుకుని ఉంటుంది. ఇక్కడ షడ్జమే చోటు మారుతుంది. మధ్య భాగం డి స్వరాన్ని షడ్జంగా పెట్టుకున్న డి మైనర్ శ్రేణిలో ఉంటుంది. ఈ తేడా పోల్చుకోగలిగితే రెండు సంగీతాలూ ఇంకా బాగా వినిపిస్తాయి.

అపోహ: పాశ్చాత్య సంగీతంలో రాసింది రాసినట్టు వాయించడమే, అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మానికి చోటు లేదు.

వాస్తవం: ఆ మధ్య భాగమే వినండి. తాగినవాళ్లు నిద్రపోయారు. తీగ వాద్యాలన్నిటికీ ధ్వనిని అణిచే మ్యూట్ తగిలిస్తారు, ధ్వని దుప్పటి కప్పుకున్నట్టు అవుతుంది. ప్రధాన వయొలిన్‌కు ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, మిగతావాళ్లలో కలిసిపోతుంది. హార్ప్సికార్డ్ (మెట్లు నొక్కితే తీగలు మీటే వాద్యం) వాద్యకారుడికి మాత్రం కలిసి మోగే స్వరాలను ఒక్కొక్కటిగా విడగొట్టి మీటమని సూచన ఉంటుంది. ఎలా విడగొట్టాలో, ఎంత తొందరగానో, ఎక్కడ ఆగాలో అతనిష్టం. అందుకే ఏ ఇద్దరు కళాకారుల రికార్డింగులోనూ ఈ నిద్ర ఒకేలా ఉండదు.