మూడు బ్లేడ్ల రందా, ఒంటి బ్లేడు గీతలు

గడ్చిరోలి జిల్లా సిరోంచలోని ఒక వడ్రంగి షెడ్డులో ఆలపల్లి అడవుల టేకు పలకను, చెక్కను అంతటా ఒకే మందానికి తెచ్చే థిక్‌నెస్ రందా మిషన్‌లోంచి తీసి, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే, అరచేతికి నున్నగా తగిలే ఆ చెక్క మీద, వేసవిలో ప్రాణహిత ఇసుక మీద గాలికి పడే చారల్లాగా, సన్నని అడ్డగీతలు వరుసగా కనిపిస్తాయి. కోస్తాలో చిత్రిక అనే పనిముట్టునే ఇక్కడ రందా అంటారు. చేతి రందాకు ఈ అడ్డగీతల బెడద ఉండదు. దాని బ్లేడు తిన్నగా సాగుతుంది, మిషన్ బ్లేడు గుండ్రంగా తిరుగుతూ చెక్కను తోడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 100 మిల్లీమీటర్ల వ్యాసంతో మూడు బ్లేడ్లున్న కట్టర్ బ్లాకు (బ్లేడ్లు బిగించిన గుండ్రటి ఇనుప దిమ్మె) నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోందనీ, రోలర్లు చెక్కను నిమిషానికి 6 మీటర్ల చొప్పున లాగుతున్నాయనీ అనుకుందాం. అప్పుడు నిమిషానికి 15000 కోతలు పడతాయి కనుక కోతకూ కోతకూ మధ్య ఎడం 0.4 మిల్లీమీటరు. ఒక్కో కోత ఒక్కో చిన్న పల్లాన్ని మిగులుస్తుంది. ఎడం పెరిగితే ఆ పల్లం లోతు ఎడం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇక్కడ అది 0.4 మైక్రాన్ మాత్రమే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కంటికి ఆనదు. కానీ ఒక బ్లేడు తక్కిన రెండింటికన్నా 4 మైక్రాన్లు బయటికి పొడుచుకువస్తే, ఆ రెండూ చేసిన పని ఆనవాలును అది తుడిచేస్తుంది. కోతల ఎడం 1.2 మిల్లీమీటర్లకూ, లోతు తొమ్మిది రెట్లకూ చేరుతుంది. మనిషి వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. బ్లేడ్ల ఎత్తు కొలిచే డయల్ గేజీ మీద ఒక చిన్న గీతే 10 మైక్రాన్లు. కాబట్టి చేత్తో బ్లేడ్లు బిగించిన ఏ మిషనైనా, ఎంత నేర్పరి బిగించినా, చివరికి దాదాపు ఒంటి బ్లేడు నునుపే ఇస్తుంది. పెద్ద మిల్లుల్లో బ్లాకు తిరుగుతుండగానే బ్లేడ్ల అంచులకు సానరాయి తాకించి అన్నింటినీ ఒకే వృత్తంలోకి తెస్తారు. చిన్న షెడ్డుకు అంత ఏర్పాటు అక్కర్లేదు. ఆఖరి కోతలో చెక్క వేగాన్ని సగానికి తగ్గిస్తే గీతల లోతు పావు వంతుకు పడిపోతుంది.

అలాగని బ్లేడ్ల అమరికను గాలికి వదిలేయకూడదు. కరెంటు పూర్తిగా తీసేసి, బ్లాకు ఒళ్లును ఆధారం చేసుకొని ప్రతి బ్లేడునూ రెండు చివర్లలో కొలవాలి. బోల్టులను ఒకేసారి బిగిస్తే బ్లేడు జరుగుతుంది కనుక, అన్నింటినీ కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ కొలవాలి. విసుగు పుట్టించే పనే, దీనికి దగ్గరి దారి లేదు. తరువాత, పలక ఆనుకొని జరిగే బల్ల సంగతి. ఒకే మందం గల రెండు పట్టీలను బల్లకు ఈ అంచున ఒకటి, ఆ అంచున ఒకటి పెట్టి ఒకేసారి పంపి, బయటికి వచ్చాక వాటి మందాన్ని కాలిపర్‌తో కొలిస్తే బల్ల బ్లాకుకు సమాంతరంగా ఉందో లేదో తేలిపోతుంది.

ఈ మిషన్ గురించి ఎక్కువమందికి ఉన్న అపోహను ఆ షెడ్డు మేస్త్రీ ఒక్క మాటలో తీసేశాడు: "పలక వంకరగుంటే ఇది సక్క జెయ్యది సార్, సన్నగ జేస్తది." రోలర్లు వంగిన పలకను బల్లకు అదిమి పట్టినంతసేపు అది చదునుగానే ఉంటుంది, వదిలిన మరుక్షణం పాత వంపు తిరిగి వస్తుంది. ముందుగా ఒక ముఖాన్ని, వంపు తీసే మరో మిషనైన సర్ఫేస్ రందా మీద చదును చేసి, ఆ ముఖాన్ని బల్లకు ఆనించి పంపితేనే రెండో ముఖం దానికి సమాంతరంగా వస్తుంది. వేసవి ఎండలు మండిపోయే ఈ ప్రాంతంలో మరో చిక్కు కూడా ఉంది. పలక పైపొర ఎండిపోయినా లోపల తేమ మిగిలి ఉంటుంది. ఒకవైపే చెక్కుతూ పోతే ఆ తడి పొర బయటపడి, ఆరుతూ కుంచించుకుపోయి, తెల్లారేసరికి పలక దొప్పలా వంగుతుంది. అందుకే రెండు ముఖాలనూ దాదాపు సమంగా తియ్యాలి. ఒకే దెబ్బకు సూతు మందం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, తియ్యాలన్న ఆశ కూడా మానుకోవాలి.

టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ అదే పదార్థం కనుక బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు బ్లేడు చెక్కను కొయ్యడానికి బదులు రుద్దుతుంది, పేళ్లకు బదులు పొడి రాలుతుంది, మోటారు గొంతు మారుతుంది.

ఇక పలక చివర్లలో పడే పల్లం. పలక మొదట లోపలికి లాగే రోలర్ పట్టులోనే, చివర బయటికి పంపే రోలర్ పట్టులోనే ఉంటుంది. అలా ఒక్క రోలరే పట్టుకున్న ఆ కాసేపట్లో బయటికి వేలాడే బరువుకు చివర పైకి లేచి, బ్లేడు ఆ కొస దగ్గర కాస్త ఎక్కువ తోడేస్తుంది. పొడవాటి పలకకు మిషన్‌కు రెండు వైపులా స్టాండు పెట్టి, పలకలను ఒకదాని వెనక మరొకటి ఆనించి పంపితే ఇది చాలావరకు తగ్గుతుంది. అయినా ఆ షెడ్డులో తలుపు కమ్ములను కొలతకన్నా జానెడు పొడవు ఉంచి రందాకు పంపుతారు. పల్లం పడిన కొసలు తరువాత రంపానికి పోతాయి.