చామంతులు పట్టుకెళ్ళకండి

కాకినాడ

చిన్నీ, కిట్టూ,

మీ ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు. ఇంటర్లో ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా పడతాయని మీ నాన్న అన్నాడు, మీరు సరేనన్నారు. ఇప్పుడేమో ఫ్రెంచివాళ్ళ పండగల మీద పది వాక్యాలు రాయాలని టెన్షన్ పడుతున్నారట. మీరు పంపిన ఫోటో చూశాను. ఎడమవైపు తేదీలు, కుడివైపు పేర్లు. కుళాయి నీళ్ళు వదిలే వేళల పట్టికలా ఉంది. మీ పిన్ని దగ్గర ఫ్రాన్సులోని లియోఁలో రెండుసార్లు, మూడేసి నెలల చొప్పున ఉండి వచ్చినదాన్ని కదా, నాకు ఆ పేర్లలో ఒకటి చదివితే పువ్వు గుర్తొస్తుంది, ఇంకొకటి చదివితే పన్ను నొప్పి గుర్తొస్తుంది. ఇదంతా ఫోన్లో చెప్తే మీరు సగం వినరు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న ఉపాయం. లియోఁ అని అరసున్న పెట్టి రాశాను చూశారా? ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినా, ఆ అరసున్న ఎందుకు పనికొస్తుందో నాకు ఫ్రాన్సు వెళ్ళాకే తెలిసింది. నిండు సున్న పలికితే పెదాలో నాలుకో ఎక్కడో తగులుతుంది. ఫ్రెంచివాళ్ళ ముక్కు శబ్దంలో ఏదీ తగలదు, గాలి ముక్కులోకి జారిపోతుందంతే. మీ నోట్సులో అరసున్నతో రాసుకోండి, ఉచ్చారణకి మార్కులు ఎందుకు రావో చూస్తాను.

ఇప్పుడు మాటల సంగతి. పండగని వాళ్ళు 'ఫెత్' అంటారు. ఆ మాట రాసేటప్పుడు మధ్యలో ఒక అక్షరం మీద చిన్న టోపీ పెడతారు. ఒకప్పుడు అక్కడ 'స' శబ్దం ఉండేది, 'ఫెస్త్' అనేవాళ్ళు. పలకడం మానేశాక కూడా చాలాకాలం రాశారు. 1740లో ఫ్రెంచి అకాడమీ నిఘంటువు అలాంటి అక్షరాలు తీసేసి టోపీలు పెట్టింది. మన ఫెస్టివల్ అన్న ఇంగ్లీషు మాటలో ఆ 'స' ఇంకా బతికే ఉంది. ఒపితాల్ అంటే హాస్పిటల్, ఫొరె అంటే ఫారెస్ట్. టోపీ కనపడితే ఒక 'స'ని పెట్టి చదివి చూడండి, చాలాసార్లు తెలిసిన మాటే బయటపడుతుంది.

పండగ 'ఫెత్' అయితే, ప్రభుత్వ సెలవు 'ఝూర్ ఫెరియె'. బడి సెలవులు 'వకాఁస్', ఎప్పుడూ బహువచనమే. ఉద్యోగి అడిగి తీసుకునే లీవు 'కోఁజె'. మనం అన్నిటికీ సెలవు అనే అంటాం కాబట్టి ఇక్కడ అందరూ తడబడతారు. ఫెత్ అయినంత మాత్రాన సెలవు ఉండాలనీ లేదు. జూన్ 21న సంగీతం పండగ, 1982లో మొదలుపెట్టారు. వీధికొకడు గిటార్ పట్టుకుని వాయిస్తాడు, వచ్చినా రాకపోయినా. మర్నాడు పొద్దున్నే అందరూ ఆఫీసుకి.

ఇంకొకటి. పుట్టినరోజుని 'అనివెర్సేర్' అంటారు. అది చూసి పెళ్ళిరోజు అనుకునేరు. 'బోన్ ఫెత్' అని ఒక మనిషికి చెప్తే అది పుట్టినరోజు శుభాకాంక్ష కాదు, వాళ్ళ పేరున్న సెయింటు రోజుది. వాళ్ళ కాలెండర్లో రోజుకొక సెయింటు ఉంటుంది. సోఫీలందరికీ మే 25. పోస్ట్‌మాన్ ఏడాది చివర ఇంటింటికీ వచ్చి ఆ కాలెండర్ ఇస్తాడు, మనం తోచినంత చేతిలో పెట్టాలి. మామూలు ఇవ్వడం మనకొక్కళ్ళకే ఉందనుకున్నాను.

ఇక చామంతుల సంగతి. నేను మొదటిసారి వెళ్ళింది అక్టోబరు ఆఖర్లో. పిన్ని వాళ్ళ ఎదురు ఫ్లాట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగి, కట్టుతో ఇంటికొచ్చింది. చూడ్డానికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు చామంతి కుండీలు వరసగా పేర్చి ఉన్నాయి, పసుపు, తెలుపు, ఊదా. కడియం నర్సరీకి వచ్చినట్టనిపించింది నాకు. బాగా విరగబూసిన పసుపు కుండీ ఒకటి ఎత్తుకొచ్చి ఆవిడ తలుపు కొట్టాను. ఆవిడ కుండీని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కుండీని చూసింది. తర్వాత గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏదో అంది. వెనకే వచ్చిన పిన్ని మొహం ఎర్రబడింది. "నేనింకా పోలేదు కదమ్మా" అందట.

చామంతి అక్కడ సమాధుల పువ్వు. నవంబరు 1న 'తూసాఁ', అంటే సెయింట్లందరి పండగ. చనిపోయినవాళ్ళ రోజు నిజానికి మర్నాడు, రెండో తారీకు. కానీ సెలవు ఒకటినే కాబట్టి అందరూ ఆ రోజే సమాధుల దగ్గరికి వెళ్తారు. ఆవిడ నన్ను కూడా రమ్మంది. నా కుండీని నాచేతే మోయించింది. వాళ్ళాయన సమాధి నల్లరాయి పలక. ఒంటిచేత్తో తడిగుడ్డ పెట్టి తుడిచి, పేరు చెక్కిన అక్షరాల సందుల్లో నాచు గోటితో గీకి, కుండీని ఎడమవైపు పెట్టి రెండడుగులు వెనక్కి వేసి చూసి, మళ్ళీ ముందుకొచ్చి కుడివైపు మార్చింది. ఎటు చూసినా చామంతులే. ఎవరూ ఏడవడం లేదు, పక్క సమాధివాళ్ళతో కబుర్లు చెప్పుకుంటున్నారు. మీరు ఎప్పుడైనా ఫ్రెంచివాళ్ళింటికి భోజనానికి వెళ్తే వేరే పువ్వులు తీసుకెళ్ళండి, లేదా స్వీట్లు.

నవంబరు 1 అనగానే మీ తాతయ్య యానాం అంటారు. నిజమే. 1954లో సరిగ్గా ఆ రోజునే ఫ్రాన్సు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలను మనకి అప్పగించింది. మన గోదావరి పక్కనున్న యానాంలో అది విమోచన దినం. ఒకే తారీకు, అక్కడ సమాధులకి పూలు, ఇక్కడ జెండా. ఆగస్టు 15 కూడా అంతే, అక్కడ సెలవే. అది మేరీమాత స్వర్గానికి వెళ్ళిన రోజు.

దేశమంతటికీ ప్రభుత్వ సెలవులు పదకొండు. జర్మనీ సరిహద్దున ఉన్న అల్సాస్, మొసెల్‌లలో ఇంకో రెండు ఎక్కువ. 1905 చట్టంతో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరు చేసిన దేశం కదా, అయినా ఆ పదకొండులో ఆరు క్యాథలిక్కు పండగలే. చర్చికి వెళ్ళనివాళ్ళు కూడా ఆ ఆరింట్లో ఒక్కటీ వదులుకోరు. ఈస్టర్ తర్వాత వచ్చే అసెంషన్ పండగ ఎప్పుడూ గురువారమే పడుతుంది. శుక్రవారం లీవు పెట్టేస్తే ఆదివారం దాకా ఇంట్లోనే. దాన్ని 'వంతెన కట్టడం' అంటారు, 'ఫేర్ ల పోఁ'. మే నెలలో ఒకటో తారీకు కార్మికుల రోజు, ఎనిమిదో తారీకు 1945లో యూరప్‌లో రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజు, ఆపైన ఇది. ఆ నెలలో పని జరగాలనుకునేవాడికి పిచ్చెక్కుతుంది. అల్లుడు మేలో ఇంటి కుళాయి బాగుచేయించడానికి పడిన పాట్లు నేను కళ్ళారా చూశాను. అదే పదకొండులో ఒకటి ఆదివారం పడితే మాత్రం పోయినట్టే, బదులు ఇవ్వరు.

మే ఒకటిన 'మ్యుగె' అనే పువ్వు కొమ్మ ఇచ్చుకుంటారు. చిన్న తెల్లటి గంటల్లా ఉంటాయి. ఆ ఒక్క రోజు ఎవరైనా రోడ్డుపక్క నిలబడి అమ్ముకోవచ్చు, ఎవరూ ఏమనరు.

పన్ను నొప్పి సంగతికి వస్తాను. జనవరి 6 'ఎపిఫనీ', బాలయేసును చూడ్డానికి ముగ్గురు రాజులు వచ్చిన రోజు. ఆ రోజని కాదు, ఆ నెలంతా 'గలెత్ దె రువా' తింటారు, అంటే రాజుల రొట్టె. పొరలు పొరలుగా ఉంటుంది, లోపల బాదం ముద్ద. ఫ్రాన్సు దక్షిణాదిన అయితే పండ్ల ముక్కలు అద్దిన గుండ్రటి బ్రెడ్డు. అందులో ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. పూర్వం చిక్కుడు గింజ పెట్టేవాళ్ళట, అందుకే దాన్ని ఇప్పటికీ 'ఫెవ్' అంటారు, ఆ జాతి చిక్కుడు గింజ పేరే. ముక్కలు కోశాక ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు బల్ల కింద దూరాలి. మన బుడ్డోడు దూరాడు. పిన్ని కత్తితో ఒక ముక్క చూపించి "ఇది ఎవరికి?" అంటే, కింద నుంచి "అమ్మమ్మకి!" అని కేక. వాడికి పైన ఏమీ కనపడదు కాబట్టి దొంగాట లేదు.

నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మూడో ముద్దకి కటుక్కుమంది. బియ్యంలో రాయి అన్నట్టు తీసి కంచం అంచున పెట్టబోతుంటే అందరూ చప్పట్లు. అట్టకాయితం కిరీటం నెత్తిన పెట్టేశారు. బొమ్మ దొరికినవాళ్ళే ఆ పూటకి రాజు లేదా రాణి. దేశాధ్యక్షుడి భవనానికి ఏటా పంపే పెద్ద గలెత్‌లో మాత్రం ఫెవ్ పెట్టరు. రిపబ్లిక్‌లో రాజు ఉండకూడదు కదా!

ఫిబ్రవరి 2న 'షాఁదలర్', క్రెప్‌లు వేసుకుంటారు. మన అట్టే, పులియబెట్టరు. ఒక చేతిలో నాణెం పట్టుకుని రెండో చేత్తో పెనం ఎగరేసి తిప్పితే ఏడాదంతా డబ్బుకి లోటుండదట. ఏప్రిల్ ఒకటిన కాగితం చేప వీపుకి అంటించి 'పువాసోఁ దావ్రీల్' అని అరుస్తారు. ఈస్టర్‌కి చాక్లెట్లు తెచ్చేది ఎక్కువ ఇళ్ళలో కుందేలు కాదు, చర్చి గంటలు. ఈస్టర్ ముందు గురువారం నుంచి గంటలు మోగవు, రోముకి ఎగిరిపోయాయని పిల్లలకి చెప్తారు. తిరిగొస్తూ తోటల్లో చాక్లెట్ గుడ్లు జారవిడుస్తాయి.

జులై 14ని మీ పుస్తకంలో బాస్తీ డే అని రాశారు. ఫ్రెంచివాళ్ళ దగ్గర ఆ మాట అనకండి, వాళ్ళు అలా పిలవరు. 'ల కతోర్జ్ ఝుయ్యె', అంటే జులై పద్నాలుగు, అంతే. 1789లో ఆ రోజు జనం పారిస్‌లోని బాస్తీ జైలు మీద పడ్డారు, లోపల ఉన్నది ఏడుగురే ఖైదీలు. సరిగ్గా ఏడాదికి, 1790లో, రాజుతో సహా అందరూ కలిసి దేశమంతా ఒకటేనని పారిస్‌లో ఉత్సవం చేసుకున్నారు. 1880లో దాన్ని జాతీయ పండగ చేస్తూ చట్టం తెచ్చినప్పుడు ఏ సంవత్సరపు జులై 14 అన్నది రాయలేదు. నెత్తురు నచ్చనివాళ్ళు 1790 అనుకున్నారు, తిరుగుబాటు నచ్చినవాళ్ళు 1789 అనుకున్నారు. ఆ రాజీ నాకు భలే నచ్చింది. రాత్రిళ్ళు ఫైర్ స్టేషన్లలో డాన్సులు. ఫైరింజను బయటపెట్టి ఆ షెడ్డులో అందరూ గెంతుతుంటే మీ పిన్ని కూడా గెంతింది. మీ తాతయ్యకి చెప్పకండి.

లియోఁ వాళ్ళకి మాత్రం అన్నిటికన్నా డిసెంబరు 8 ముఖ్యం. 1852లో ఫూర్వియేర్ కొండ మీద మేరీమాత బంగారు పూత విగ్రహం ఆవిష్కరించాలి. మొదట సెప్టెంబరు 8 అనుకున్నారు. సోన్ నదికి వరద వచ్చి విగ్రహం పోతపోసే చోటు మునిగి డిసెంబరుకి వాయిదా పడింది. ఆ రోజు కూడా గాలీవానా. బాణసంచా మానేద్దామనుకుంటుండగా సాయంత్రానికి ఆకాశం తెరిపిచ్చింది. ఎవరూ చెప్పకుండానే జనం కిటికీల్లో దీపాలు పెట్టారు. ఇప్పటికీ పెడతారు. గీతలు గీతల గాజు గ్లాసులో పొట్టి కొవ్వొత్తి, 'లుమిన్యోఁ' అంటారు. పిన్ని నాకు పాతిక ఇచ్చింది. కిటికీ చలికి చేతులు కొయ్యబారుతుంటే ఒక్కొక్కటీ వెలిగించి పేరుస్తున్నాను, ఎదురింటి కిటికీలో పెద్దావిడ కట్టు తీసిన చేత్తో అదే పని చేస్తోంది. కార్తీకం వెళ్ళిపోయిందన్న దిగులు ఆ రాత్రితో పోయింది. ఊరి మధ్యలో పెద్ద పెద్ద లేజరు లైట్లు కూడా వేస్తారు. ఆ తొక్కిసలాటకి నేను వెళ్ళలేదు.

క్రిస్మస్ మీకు తెలిసిందే. ఒక్క వ్యాకరణం మాట: 'జ్వాయో నోయెల్' అనాలి, ఎందుకంటే నోయెల్ పుంలింగం. 'జ్వాయోజ్ ఫెత్' అనాలి, ఎందుకంటే ఫెత్ స్త్రీలింగం, అక్కడ బహువచనం కూడా. కొత్త సంవత్సరానికి 'బోన్ అనె', జనవరి నెలాఖరు దాకా చెప్పినా తప్పు లేదు. ఎవరైనా మీకు 'సాఁ గ్లాఁగ్లాఁ' పండగనాడు బాకీ తీరుస్తానంటే నమ్మకండి. ఆ పేరుతో సెయింటే లేడు.

ఆ పింగాణీ బొమ్మని దాచుకున్నాను, చిన్న బాతు. ఈ కవర్లోనే పెడుతున్నాను, చూసి భద్రంగా తిరిగి తీసుకురండి. సంక్రాంతికి బూరెల్లో దాద్దామని కిట్టూకి ఇప్పటికే ఆలోచన వచ్చి ఉంటుంది. కుదరదు. మీ తాతయ్యకి మిగిలినవి పదకొండు పళ్ళే.

మీ
అమ్మమ్మ