పొర తీశారు, ప్రెజర్ చూడలేదు

శుక్లం ఆపరేషన్ చేసే బల్ల మీదే నీటి కాసులకూ (గ్లాకోమా, అంటే కంటి లోపలి ప్రెజర్‌తో చూపు నరం దెబ్బతినే జబ్బు) లేజర్ వేసేయొచ్చు కదా? శ్రీకాకుళం జిల్లాలో కంటి శిబిరాలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న మళ్లీ లేస్తోంది. అడుగుతున్నది పొర తీయించుకున్నా చూపు రాని పెద్దవాళ్ల పిల్లలు. ముందు శుక్లం, మిగతాది తర్వాత చూద్దాం అన్నది వాళ్లకు దొరుకుతున్న జవాబు.

ఆ ‘తర్వాత’ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 1994 దగ్గరికి వెళ్లాలి. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు మొదలైంది అప్పుడే. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది చేసిన మేలు చిన్నది కాదు. సోడాబుడ్డి అద్దాల కాలం పోయి కంట్లో లెన్స్ పెట్టే కాలం వచ్చింది. కానీ లెక్కంతా ఆపరేషన్లదే. జిల్లాకు ఇన్ని అని టార్గెట్. టార్చి వేసి చూడడం, తెల్లగా పొర కనబడితే బస్సెక్కించడం. కంటి ప్రెజర్ కొలవడానికి, కంటి వెనక నరం చూడడానికి ఆ లెక్కలో చోటు దొరకలేదు. ప్రాజెక్టు 2002లో ముగిసినా ఆ అలవాటు ముగియలేదు.

హెచ్చరిక లేకపోలేదు. ఆ ఏళ్లలోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి హైదరాబాద్‌లో సర్వే చేసింది. మామూలు రకం నీటి కాసులున్న పదిమందిలో తొమ్మిది మందికి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదని తేలింది. ఇది నొప్పి లేకుండా, అంచుల నుంచి చూపును తినేస్తుంది. పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. చాలా ఏళ్ల తర్వాత, 2019లో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ బడిపిల్లలతో మొదలై 2020లో అవ్వాతాతల దాకా వెళ్లింది.

అదే 2019లో బ్రిటన్ నుంచి ఇంకో కబురు వచ్చింది. నీటి కాసులో, కంట్లో ఎక్కువ ప్రెజరో కొత్తగా బయటపడిన 718 మందిపై జరిగిన అధ్యయనంలో, కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారిని సులువు చేసే ఎస్‌ఎల్‌టీ లేజర్‌ను ముందే చేయించుకున్నవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల మందు అవసరం పడలేదు.

ఇక్కడ ఒక గందరగోళం విప్పాలి. ఎస్‌ఎల్‌టీ ఆపరేషన్ బల్ల మీద చేసేది కాదు. కుర్చీలో కూర్చోబెట్టి కొన్ని నిమిషాల్లో ముగిస్తారు. శుక్లంతో కలిపి చేసేవి వేరే. శుక్లం కోసం పెట్టిన కోతలోంచే సన్నని ఫైబర్ పంపి, కంట్లో నీరు బయటికి పోయే జల్లెడకు ఎక్సైమర్ లేజర్‌తో పదింటి వరకు చిన్న రంధ్రాలు పెడతారు. లేదా ఎండోస్కోప్‌తో చూస్తూ, నీరు ఊరే కణజాలాన్ని లేజర్‌తో కుదిస్తారు. ఈ రెండో పద్ధతి 1990ల నుంచే ఉంది. జబ్బు బాగా ముదిరితే వీటితో సరిపోదు, పెద్ద ఆపరేషనే కావాలి.

డాక్టర్ల మాటలోనూ నిజముంది. ఒక్క శుక్లం తీసినా ప్రెజర్ కొంత తగ్గుతుంది, ఆగి చూడడం తప్పు కాదు. పొర ముదిరితే నరం కనబడదు. యంత్రాలు ఖరీదు.

అయితే ఆగి చూడాలంటే రోగి మళ్లీ రావాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. తోడు వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. చుక్కల మందేమో ఒక్క రోజూ మానకుండా బతికినంత కాలం వేయాలి. ఇక ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. కంటి ప్రెజర్ తగ్గించడానికి ఇచ్చే ఎసిటాజోలమైడ్ మాత్ర కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వకూడదు. మాత్ర దారి మూసుకుపోయిన ఇలాంటి చోట లేజర్ ఎవరికి పనికొస్తుందో ఆపరేషన్‌కు ముందే తేల్చాలి, తర్వాత కాదు.

శిబిరంలో ఇచ్చే చీటీ మీద బీపీ, షుగర్ రాస్తారు. ఆ పక్కనే రెండు కళ్ల ప్రెజర్ కూడా రాయమని, చూపు రాని ఆ పెద్దవాళ్ల పిల్లలు అడుగుతున్నారు.