పాత రూపపు ఉక్కు సైకిల్: అభిప్రాయభేదాల వెనుక చరిత్ర

వంకీ తిరిగిన హ్యాండిల్, తోలు సీటు, చైన్‌ను పూర్తిగా కప్పే కవరు ఉన్న పాత తీరు ఉక్కు సైకిల్‌ను కొందరు జీవితకాలపు వాహనమంటారు, మరికొందరు అది జ్ఞాపకాలను అధిక ధరకు అమ్మే బరువైన అలంకారమని తీసిపారేస్తారు. ఇంగ్లండ్‌కు చెందిన పాష్లీ సంస్థ సైకిళ్ల విషయంలో ఈ వాదం తరచూ వినిపిస్తుంది. 1926లో బర్మింగ్‌హామ్‌లో విలియం రాత్‌బోన్ పాష్లీ స్థాపించిన ఈ సంస్థ ఇప్పుడు స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్‌లో పనిచేస్తోంది. రెండు పక్షాలూ రూపం గురించే ఎక్కువగా మాట్లాడతాయి గానీ, ఆ రూపంలోని ఒక్కో భాగం ఒక్కో కాలంలో ఒక్కో అవసరం కోసం పుట్టింది.

రెండు సమాన చక్రాలు, వెనుక చక్రానికి చైన్ ఉన్న నమూనాను జాన్ కెంప్ స్టార్లీ 1885లో కోవెంట్రీలో రోవర్ పేరుతో తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక అది సామాన్యులకు అనువైన బండి అయింది. నిటారుగా కూర్చునే భంగిమ, మడ్‌గార్డులు, చైన్ కవరు మొదలైనవి రోజూ పనికి వెళ్లేవారి దుస్తులు పాడుకాకుండా కాపాడటానికి స్థిరపడిన ఏర్పాట్లే తప్ప అలంకారాలు కావు.

అసలు విశేషం ఫ్రేమ్ గొట్టాలలో ఉంది. ఉక్కు మిశ్రమం ఏదైనా బిరుసుదనం దాదాపు ఒక్కటే. మంచి మిశ్రమానికి బలం మాత్రం ఎక్కువ కాబట్టి గొట్టం గోడను పలుచన చేయవచ్చు, బరువు తగ్గించవచ్చు. అయితే అతుకుల దగ్గర వేడికి పలుచని గోడ బలహీనపడుతుంది. చివర్లలో మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ 1897లో పేటెంటు పొంది ఈ చిక్కును తీర్చాడు. ఆయన సంస్థే 1935లో మాంగనీస్, మాలిబ్డినం కలిసిన 531 అనే ఉక్కును తెచ్చింది. ఆ గొట్టాలను లగ్‌లు అనే తొడుగుల్లో దూర్చి, తక్కువ వేడిలో ఇత్తడి లాంటి లోహంతో అతికేవారు. 1930ల నాటి పాత్ రేసర్ అనే తన పందెపు సైకిల్‌ను తలచుకుంటూ పాష్లీ రూపొందించిన గవ్‌నర్ నమూనాలో ఈ 531నే వాడారు. మామూలు ఉక్కుతో చేసిన రోడ్‌స్టర్ అనే రోజువారీ సైకిల్‌కూ దీనికీ పైకి పోలిక కనిపించినా, రెంటినీ ఒకే గాటన కట్టి తీర్పు చెప్పడం సరికాదు.

గేర్ల కథ వేరు. గేర్లన్నీ వెనుక ఇరుసు చుట్టూ ఉండే హబ్‌లో ఇమిడిపోయే పద్ధతిని స్టర్మీ ఆర్చర్ సంస్థ 1902 నుంచి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ప్రచారంలోకి తెచ్చింది. 2000లో ఆ సంస్థ తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్లింది. 1866లో ఇంగ్లండ్‌లో మొదలైన బ్రూక్స్ తోలు సీట్ల సంస్థ 2002లో ఇటలీకి చెందిన సెల్లే రాయల్ పరమైంది. సంప్రదాయ ఇంగ్లిష్ సైకిల్ అన్న మాటను వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

పందేలలో ఉక్కు పట్టు సడలడానికి బరువే కారణం. 1986లో అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫ్రేమ్‌పై టూర్ ది ఫ్రాన్స్ అనే ప్రసిద్ధ సైకిల్ పందెం గెలిచాడు. 1994లో స్పెయిన్ రేసర్ మిగెల్ ఇందురాయిన్ సాధించిన గెలుపు ఆ పోటీలో ఉక్కు ఫ్రేమ్‌కు చివరిది. అయితే నిదానంగా సాగే రోజువారీ ప్రయాణానికి పందెపు కొలతలు వర్తించవు. నిండా సామగ్రి బిగించిన రోడ్‌స్టర్ సుమారు 20 కిలోలు తూగుతుంది. చదును నేలపై అది పెద్ద ఇబ్బంది కాదు గానీ, ఎత్తు ఎక్కేటప్పుడూ మెట్ల మీదుగా మోసేటప్పుడూ తప్పక తెలుస్తుంది.

ఉక్కు మెత్తగా నడుస్తుందన్న పొగడ్త కూడా సగమే నిజం. ఆ హాయిలో అధిక భాగం వెడల్పాటి టైర్లది, వాటిలోని గాలి ఒత్తిడిది, సీటు స్ప్రింగులది. బ్రేకులపై వినిపించే ఫిర్యాదుకు మాత్రం చరిత్రలో గట్టి ఆధారముంది: క్రోమ్ పూసిన ఉక్కు రిమ్‌లను కడ్డీ బ్రేకులు వానలో సరిగా పట్టేవి కావు. పాష్లీ సావరిన్ వంటి నమూనాల్లో బ్రేకును హబ్ లోపలి డ్రమ్‌లోకి మార్చడంతో తడి వల్ల పట్టు తప్పే ఇబ్బంది తీరింది. పైకి కనిపించే పాత రూపం మాత్రం చెక్కుచెదరలేదు.